కూలిన పాత విమానాల జాడ వెతుక్కుంటూ వెళ్లడం ఎలా?

కొండల్లో కూలిన విమానం 70, 80 ఏళ్ల తర్వాత కూడా అక్కడే పడి ఉండటానికి కారణం చాలాసార్లు ఒక్కటే: దాన్ని కిందికి దించే ఖర్చు తుక్కు ధరకన్నా ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం మృతదేహాలను, తుపాకులను, రహస్య పరికరాలను దించుకుని మిగతాదాన్ని ముక్కలు చేసేది, తగలబెట్టేది, లేదా అక్కడే పూడ్చిపెట్టేది. దారి దగ్గరలో ఉంటే తర్వాత తుక్కు వ్యాపారులు వచ్చి ఇంజన్లు పట్టుకుపోయేవారు. అందుకే ఇప్పుడు వెళ్లేవారికి నిండు విమానం దొరకడం అరుదు. ఒక ఇంజన్, వంగిన ప్రొపెల్లర్, చక్రం కాలు, నేలంతా చెదిరిన రేకు ముక్కలు, ఇంతే మామూలుగా మిగిలేది. వాటిని చూసి ఏం జరిగిందో అర్థం చేసుకోవడమే ఈ వ్యాపకం. ముక్క ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు, అది ఎక్కడ, ఎటు తిరిగి, దేని పక్కన పడి ఉందన్నదే ముఖ్యం. చోటు మారిన ముక్క ఉత్త తుక్కు. ఇకపై చెప్పేదంతా ఈ మాట మీదే నడుస్తుంది.

మొదటి చోటును ఎంచుకోవడం

మొదటిసారే ఎవరూ చూడని శిథిలం కోసం అడవిలోకి దిగకండి. ఏది ఎలా కనిపిస్తుందో కంటికి అలవాటు కాకముందు పది అడుగుల దూరంలో ఉన్న ఇంజన్‌ను కూడా బండరాయి అనుకుని దాటిపోతారు. చరిత్ర పూర్తిగా తెలిసి, కాలిబాట ఉన్న చోటుతో మొదలుపెట్టండి.

ఇంగ్లండ్‌లో పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో, బ్లీక్లో మీద హయ్యర్ షెల్ఫ్ స్టోన్స్ దగ్గర 1948 నవంబర్ 3న కూలిన అమెరికన్ బి-29 బాంబర్ అలాంటిదే. స్కాంప్టన్ నుంచి బర్టన్‌వుడ్‌కు వెళ్తూ మబ్బులో కొండను గుద్దుకుంది, 13 మందీ చనిపోయారు. ఇంజన్లు, రెక్కల భాగాలు ఇప్పటికీ విశాలంగా చెదిరి ఉన్నాయి కాబట్టి శకలాల తీరును గమనించడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు అరుదు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాటర్నోమీ మీద 1942 జనవరి 14న కూలిన బి-18 బాంబర్ ఉంది. అందులో ఏడుగురు ఉంటే ఐదుగురు బతికారు. ఇది చెట్ల మధ్య శిథిలం, బ్లీక్లోకి పూర్తిగా భిన్నం. కొండ ఎక్కలేనివారికి ఐస్‌లాండ్‌లోని సోల్‌హైమసాందుర్ ఇసుక మైదానంలో 1973లో అత్యవసరంగా దిగిన అమెరికా నేవీ డగ్లస్ విమానపు గుల్ల ఉంది. ఆ ప్రమాదంలో ఎవరూ చనిపోలేదు. కార్లు నిషేధించాక పార్కింగ్ నుంచి ఒకవైపు దాదాపు 4 కిలోమీటర్లు నడవాలి. నేల చదునే కానీ గాలివాన వస్తే తలదాచుకోవడానికి ఏమీ ఉండదు.

కొన్ని చోట్లకు అసలు వెళ్లకూడదు. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ మీద రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది చనిపోయారు. 2014లో ఆ చోటుకు జాతీయ చారిత్రక గుర్తింపు ఇచ్చారు, కానీ ప్రజలకు ప్రవేశం లేదు. జాబితా రాసుకునేటప్పుడే ఇలాంటివాటిని కొట్టేయండి.

ముందు కాగితాలు

విమానం రకం, సీరియల్ నంబరు, తేదీ, ఈ మూడూ ఖాయం చేసుకోనిదే ఏ రికార్డూ దొరకదు. ఊళ్లో చెప్పుకునే కథల్లో తేదీ ఏడాది అటూ ఇటూ ఉంటుంది. పక్క కొండ మీద కూలినదాన్ని దీనితో కలిపేస్తారు, ప్రతి విమానాన్నీ బాంబర్ అనే అంటారు. అందుకే కథ విని ఊరుకోకుండా అధికారిక పత్రం చూడాలి.

రెండో ప్రపంచ యుద్ధపు అమెరికన్ సైనిక విమానాలకు దేశం లోపలి ప్రమాదాలైతే ఫారం 14 అనే ప్రమాద నివేదిక, విదేశాల్లో గల్లంతైతే సిబ్బంది గల్లంతు నివేదిక ఉంటాయి. ప్రమాద నివేదికల మైక్రోఫిల్ములు మాక్స్‌వెల్ స్థావరంలోని అమెరికా వైమానిక దళ చారిత్రక పరిశోధన సంస్థ దగ్గర ఉన్నాయి. బ్రిటిష్ విమానాలకు ఫారం 1180 అనే ప్రమాద కార్డు, స్క్వాడ్రన్ రోజువారీ కార్యకలాపాల పుస్తకం చూడాలి. ఈ పుస్తకాలు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 వరుసలో ఉంటాయి. అమెరికన్ పౌర విమానాలకు 1967కు ముందు సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నివేదికలు, ఆ తర్వాత జాతీయ రవాణా భద్రతా బోర్డు నివేదికలు.

నివేదిక చేతికి వచ్చాక ముందు చదవాల్సింది కారణం కాదు. ఈ ఐదు విషయాలు వెతికి రాసుకోండి: చివరిసారి తెలిసిన స్థానం, ఎగురుతున్న దిశ, కూలిన చోటు ఎత్తు, మంటలు అంటుకున్నాయా లేదా, శకలాలను తర్వాత ఏం చేశారు. చివరిది చాలామంది వదిలేస్తారు. పత్రంలో పూడ్చిపెట్టాం అని ఉంటే పైన పెద్దగా ఏమీ కనిపించదని తెలుసుకునే వెళ్లాలి.

జత చేసిన ఫొటోలు ఉంటే మొత్తం నివేదికలో అవే అన్నిటికన్నా విలువైనవి. శిథిలం వెనక కనిపించే కొండ గట్టు ఆకారం 80 ఏళ్లలో మారదు.

చోటును మ్యాప్ మీదికి తీసుకురావడం

వెళ్లి ఖాళీ చేతులతో తిరిగి రావడానికి కారణం ఎక్కువగా ఈ దశలోనే ఉంటుంది. పాత నివేదికల్లో చోటు చెప్పే తీరు ఇలా ఉంటుంది: ఫలానా ఎయిర్‌ఫీల్డుకు వాయవ్యంగా 12 మైళ్లు. ఇందులో కనీసం మూడు ఉచ్చులున్నాయి.

మొదటిది, ఏ మైలు? నేల మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. పన్నెండు మైళ్లంటే ఒక లెక్కలో 19.3 కిలోమీటర్లు, ఇంకో లెక్కలో 22.2. దాదాపు 3 కిలోమీటర్ల తేడా. కొండ ప్రాంతంలో అంటే వేరే లోయలోకి దిగినట్టే. ఏ మైలో నివేదికలో స్పష్టంగా లేకపోతే రెండు దూరాలనూ మ్యాప్ మీద గీయండి.

రెండోది, ఏ ఉత్తరం? దిశను కంపాస్ మీద కొలిచి రాశారా, మ్యాప్ మీద కొలిచి రాశారా అన్నది చూడాలి. పైగా అయస్కాంత ఉత్తరం ఏటేటా జరుగుతూ ఉంటుంది. బ్రిటన్‌లో 1940ల్లో అది అసలు ఉత్తరానికి పశ్చిమంగా సుమారు 10 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు దాదాపు సున్నా. 20 కిలోమీటర్ల దూరంలో 10 డిగ్రీల తప్పు అంటే పక్కకు 3.5 కిలోమీటర్లు. ప్రమాదం జరిగిన ఏడాది నాటి అయస్కాంత తేడానే లెక్కలో వేయాలి, నేటిది కాదు.

మూడోది, అక్షాంశ రేఖాంశాలు రాసే పద్ధతి. 35°10′30″ అంటే దశాంశంలో 35.175. దాన్ని తొందరలో 35.1030 అని ఫోన్‌లో కొడితే 8 కిలోమీటర్ల దూరంలో తేలతారు. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపడం అలవాటు చేసుకోండి. అమెరికా పాత టోపో మ్యాపుల (ఎత్తుపల్లాలు చూపే మ్యాపుల) మీద తీసిన స్థానం 1927 నాటి డేటమ్‌లో (స్థానాలు లెక్కగట్టే ఆధార పద్ధతిలో) ఉంటుంది, మీ జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే నేటి డేటమ్‌లో చూపిస్తుంది. పశ్చిమ రాష్ట్రాల్లో ఈ రెండింటి మధ్య తేడా దాదాపు 100 మీటర్లకు చేరుతుంది. మైదానంలో అది పెద్ద విషయం కాదు. దట్టమైన పొదల్లో వంద మీటర్లంటే ఒక పూట పని. జీపీఎస్‌లో డేటమ్ మార్చుకునే వీలుంటుంది, బయల్దేరే ముందు ఒకసారి చూడండి.

ఇలా గీశాక ఒక చుక్క కాదు, ఒక వలయం మిగులుతుంది. దాన్ని తగ్గించడానికి ఎత్తు వాడండి. నివేదికలో కూలిన ఎత్తు 4,200 అడుగులని ఉంటే ఆ కాంటూర్ రేఖను (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతను) రంగు పెన్సిలుతో గీసి, వలయంతో ఎక్కడ కలుస్తుందో చూడండి. ఎగురుతున్న దిశ తెలిస్తే ఆ దిశకు ఎదురుగా నిలబడిన వాలులే మిగులుతాయి. అయితే మబ్బులో దారి తప్పిన పైలట్ చివర్లో వెనక్కి తిరిగి ఉండొచ్చు, అందుకే అవతలి వాలును పూర్తిగా కొట్టేయకండి.

ఫొటో ఉంటే గూగుల్ ఎర్త్‌లో నేల మట్టానికి దిగి, అనుమానించిన చోట నిలబడినట్టుగా చూపును తిప్పండి. ఫొటోలోని గట్టు వంపులు, మెడలు, దూరపు శిఖరం ఒకదాని వెనక ఒకటి ఎలా కనిపిస్తున్నాయో సరిపోల్చండి. దగ్గరి గట్టు దూరపు శిఖరాన్ని ఎంత దాచిందన్నది చూస్తే మీరు పక్కకు జరగాలో పైకి జరగాలో తెలుస్తుంది. ఓపిగ్గా చేస్తే ఈ ఒక్క పద్ధతి 50 మీటర్ల లోపలికి తీసుకొస్తుంది. పాత ఉపగ్రహ చిత్రాలనూ తిరగేయండి. చెట్లు పెరగకముందు తీసినదానిలో ఒక్క తెల్ల చుక్క దొరికినా చాలు.

అనుమతి, చట్టం

భూమి ఎవరిది, విమానం ఎవరిది, ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. భూమి యజమాని రమ్మన్నంత మాత్రాన ముక్కను ముట్టుకునే హక్కు రాదు.

బ్రిటన్‌లో 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం ప్రకారం సైనిక సేవలో ఉండగా కూలిన ప్రతి విమానానికీ దానంతటదే రక్షణ ఉంటుంది, ప్రత్యేకంగా ప్రకటించనక్కర్లేదు. రక్షణ శాఖ లైసెన్సు లేకుండా తవ్వడం, కదపడం, తీసుకెళ్లడం నేరం. మానవ అవశేషాలో పేలని మందుగుండో ఉండే అవకాశం ఉంటే సాధారణంగా లైసెన్సు ఇవ్వరు. అమెరికా నేవీ తన విమానాల మీద హక్కును ఎంతకాలమైనా వదులుకోదు. అమెరికా వైమానిక దళం 1961 నవంబర్ 19కి ముందు కూలినవాటిని వదిలేసినట్టుగా పరిగణిస్తుంది. దీన్ని పట్టుకుని ఎవరైనా తెచ్చుకోవచ్చని కొందరు చెబుతుంటారు, అది తప్పు. శిథిలం జాతీయ పార్కులోనో ప్రభుత్వ అడవిలోనో ఉంటే ఆ భూమికి వర్తించే చట్టాలు వేరుగా ఉంటాయి. పాపువా న్యూగినీలో యుద్ధకాలపు శిథిలాలు ప్రభుత్వ ఆస్తి. పౌర విమానమైతే బీమా కంపెనీ పరిహారం కట్టి శిథిలాన్ని తన పేర రాయించుకుని ఉండొచ్చు.

వెళ్లి చూడటం, ఫొటో తీయడం మాత్రం చాలాచోట్ల తప్పు కాదు. చేయాల్సిందల్లా భూమి యజమానినో అటవీ శాఖనో రాతపూర్వకంగా అడగడం. ఎప్పుడు, ఎంతమంది, ఏ దారిన, తవ్వం, ఏమీ తీసుకెళ్లం అని నాలుగు వాక్యాలు రాస్తే చాలు. వేట కాలం ఎప్పుడో, పశువులు ఈనే రోజులు ఎప్పుడో కూడా అప్పుడే అడిగేయండి.

ఏ కాలంలో, ఏం పట్టుకుని

ఆకురాల్చే అడవుల్లో మంచు కరిగిన తర్వాత, కొత్త చిగురు రాకముందు ఉండే రెండు మూడు వారాలు అన్నిటికన్నా మంచివి. అప్పుడు గడ్డి నేలకు అణిగి ఉంటుంది, చూపు దూరం పోతుంది. ఎత్తైన పర్వతాల్లో మంచు అతి తక్కువగా ఉండేది వేసవి చివర. అమెరికాలోని వ్యోమింగ్‌లో 1943 జూన్ 28న బి-17 బాంబర్ కూలిన శిఖరాన్ని ఇప్పుడు బాంబర్ మౌంటెన్ అంటున్నారు. ఆ శిథిలం 1945 ఆగస్టు దాకా ఎవరి కంటా పడలేదు. ఎడారుల్లోనైతే చలికాలం మంచిది.

సమయం లెక్క ఇలా వేయండి. చదును దారిలో గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఒక గంట. దారి లేని చోట ఈ మొత్తాన్ని రెట్టింపు చేయాలి. పగలు 10 గంటలుంటే అందులో 2 గంటలు ఆపదకు అట్టిపెట్టండి, 2 గంటలు శిథిలం దగ్గర. మిగిలిన 6 గంటల్లో ఎక్కడానికి మూడున్నర, దిగడానికి రెండున్నర. అంటే ఉదయం 7కి బయల్దేరితే 10:30కల్లా అక్కడ ఉండాలి. ఇంకా దొరకకపోయినా మధ్యాహ్నం 12:30కి వెనక్కి తిరగాల్సిందే. ఈ గంటను బయల్దేరే ముందే కాగితం మీద రాసి, దారి వివరంతో పాటు ఇంట్లో ఒకరికి ఇవ్వండి. ఇంకో వంద అడుగులు చూసొద్దాం అనిపించేది సరిగ్గా ఆ వేళలోనే. చీకట్లో చిక్కుకుపోవడానికి మొదటి కారణం అదే.

సామానులో మామూలు కొండ నడక వస్తువులతో పాటు వీటికి చోటు ఉంచండి: మ్యాప్, కంపాస్ (ఇంజన్ పక్కన పెట్టి దిశ చూడకండి, ఉక్కు ముల్లును లాగేస్తుంది, కొన్ని అడుగులు దూరం జరగండి), జీపీఎస్ లేదా ఆఫ్‌లైన్ మ్యాపులు దించుకున్న ఫోన్, పవర్ బ్యాంక్, 8 రెట్లు దగ్గరగా చూపే బైనాక్యులర్, దళసరి తోలు చేతి తొడుగులు, 30 సెంటీమీటర్ల స్కేలు, చిన్న టార్చి, నీటికి తడవని నోటుబుక్కు, పెన్సిలు. విరిగిన అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి చీలమండ పైదాకా వచ్చే బూట్లు, దళసరి ప్యాంటు తప్పనిసరి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే ముందే మళ్లీ వేయించుకోండి. మెటల్ డిటెక్టర్ పట్టుకెళ్లకండి. చాలా రక్షిత భూముల్లో అది చేతిలో ఉంటేనే కేసు పెడతారు. అయినా తవ్వని మనిషికి దానితో పనేముంది?

నేల మీద వెతకడం

నేరుగా చుక్క దగ్గరికి ఎక్కేయకుండా ముందు ఎదుటి వాలు మీద ఆగి బైనాక్యులర్‌తో చూడండి. సూర్యుడు వాలుగా ఉండే ఉదయం, సాయంత్రం వేళల్లో రేకు మెరుస్తుంది. తడిసిన బండ, తెల్లరాయి కూడా మెరుస్తాయి, కానీ మీరు పది అడుగులు పక్కకు జరిగితే చదును రేకు మెరుపు ఒక్కసారిగా ఆరిపోతుంది, రాతి మెరుపు మెల్లగా తగ్గుతుంది. ఎక్కడ మెరిసిందో దిశ రాసుకోండి. ఇంకో చోటు నుంచి మళ్లీ దిశ తీసుకుంటే ఆ రెండు గీతలు కలిసేదే మీ గమ్యం.

చోటుకు చేరాక ఏమీ కనిపించకపోతే కంగారుగా అటూ ఇటూ తిరగకండి. తిరిగిన చోటే తిరుగుతారు. 200 మీటర్ల చదరం తీసుకుని 10 మీటర్ల ఎడంతో వరుసలు నడిస్తే 20 వరుసలు, మొత్తం 4 కిలోమీటర్లు. పొదల్లో గంటకు ఒక కిలోమీటరు చొప్పున ఒక్కరికి 4 గంటలు, నలుగురు పక్కపక్కనే నడిస్తే ఒక గంట. వరుసలను కాంటూర్ వెంట అడ్డంగా వేయండి, పైకీ కిందికీ కాదు. అలసట తగ్గుతుంది, కాలు జారదు. జీపీఎస్‌లో నడక జాడను నమోదు చేస్తూ ఉంటే వదిలేసిన ఖాళీలు తెర మీద కనిపిస్తాయి.

ముందు వాగుల్లో, నీటి చాళ్లలో వెతకండి. దశాబ్దాల వానలకు చిన్న ముక్కలు జారి అక్కడే చేరతాయి. ఒక రివెట్ల పట్టీ దొరికితే వాగు వెంట పైకి వెళ్లండి. ముక్కలు ఎక్కడ ఆగిపోతాయో అక్కడ పక్క వాలు మీదికి తిరగాలి. గడ్డి మొలవని బోసి మచ్చ కనిపిస్తే అక్కడ మంట మండి ఉండొచ్చు. పీట్ నేలల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన తడి నేలల) మీద ఇలాంటి మచ్చలు తరాలు గడిచినా పచ్చబడవు.

పడి ఉన్నదాన్ని చదవడం

శిథిలం కనబడగానే దగ్గరికి పరుగెత్తి ఇంజన్ పక్కన నిలబడటం సహజం. దానికి ముందు పై నుంచి మొత్తం పరిధిని చుట్టి రండి. శకలాలు పొడవుగా పరుచుకుని ఉంటే విమానం తక్కువ కోణంలో, నేలకు దాదాపు సమాంతరంగా వచ్చి తాకింది. మబ్బులో కొండను గుద్దుకున్నవి ఎక్కువగా ఇలాగే ఉంటాయి. చిన్న గొయ్యి, దాని చుట్టూ అరచేయంత ముక్కలు ఉంటే నిటారుగా దిగింది. బరువైనవి వేగాన్ని నిలుపుకుంటాయి కాబట్టి ఇంజన్లు శకలాల వరుసలో ముందువైపు ఉంటాయి. తోక చాలాసార్లు మొదట తాకిన చోటుకు దగ్గరగా మిగులుతుంది. ఈ రెండింటినీ కలిపే గీతే విమానం వచ్చిన దిశ. నిట్రవాలు మీద మాత్రం ఇంజన్ దొర్లిపోయి ఉంటుంది, తుక్కు వ్యాపారులు లాగి మధ్యలో వదిలేసి ఉండొచ్చు కూడా. కాబట్టి ఇంజన్ ఒక్కదాన్ని చూసి దిశ తేల్చకండి, రెక్కల ముక్కలు, కొండ మీద గుద్దిన గాటు, అన్నీ ఒకే మాట చెబుతున్నాయా చూడండి.

నేల మీద గడ్డకట్టిన వెండి ముద్దలు కనిపిస్తే అది కరిగిన అల్యూమినియం. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, విమానాల మిశ్రమ లోహాలు 500 దాటగానే మెత్తబడటం మొదలవుతుంది. ఇంధనం మండినంతసేపు కిందికి కారి ఆగిన చోటు అది. కరిగిన ధార వాలుకు కాకుండా వేరే దిక్కుకు ఉంటే ఆ ముక్కను ఎవరో తర్వాత తిప్పారన్నమాట. తెల్లటి పొడిలా రాలేది తుప్పు పట్టిన అల్యూమినియం. చక్రాల వంటి మెగ్నీషియం భాగాలు తడి నేలల్లో పూర్తిగా కరిగిపోయి, చుట్టూ ఉండే ఉక్కు మాత్రం మిగులుతుంది.

ప్రొపెల్లర్ చెప్పే విషయం ఎక్కువ. ప్రొపెల్లర్ రెక్కల కొసలు ముందుకు చుట్టుకుపోయి, పక్కలకు గీతలు పడి ఉంటే తాకేటప్పుడు ఇంజన్ బలంగా తిరుగుతోంది. ఒకటి రెండు రెక్కలు వెనక్కి మడుచుకుపోయి, ఇంకొకటి తిన్నగా ఉంటే తిరుగుతూ లేదు, లేదా చాలా మెల్లగా తిరుగుతోంది. రెక్కలు అంచు గాలికి ఎదురుగా ఉండేలా మెలిపెట్టి ఉంటే పైలట్ ఆ ఇంజన్‌ను కావాలనే ఆపాడు. నాలుగు ఇంజన్ల విమానంలో ఒక్క ప్రొపెల్లర్ మిగతా మూడింటికి భిన్నంగా ఉంటే నివేదికలోని కారణాన్ని మళ్లీ చదవండి.

ఇంజన్ రకం తేల్చడానికి సిలిండర్లు లెక్కపెట్టండి. చుట్టూ ఒకే వరుసలో 9 ఉంటే బి-17లో ఉన్న రైట్ ఆర్-1820 లాంటిది. రెండు వరుసల్లో కలిపి 14 అయితే బి-24, సి-47లో వాడిన ఆర్-1830 కావచ్చు. 18 అయితే బి-29 ఆర్-3350 గానీ, పి-47 ఫైటర్‌లోని ఆర్-2800 గానీ. నాలుగు వరుసల్లో 28 ఉంటే అది బి-36, బి-50 వంటి వాటి ఆర్-4360. వీ ఆకారంలో 12 ఉంటే మెర్లిన్ కావచ్చు: స్పిట్‌ఫైర్, లాంకాస్టర్, మస్కిటో వంటి బ్రిటిష్ విమానాల్లో వాడినది.

రేకు మీద ముద్రలు వెతకండి. నార్త్ అమెరికన్ కంపెనీ భాగాల నంబర్లు ఆ విమానానికి ఇచ్చిన డిజైన్ సంఖ్యతో మొదలవుతాయి. పి-51బికి 102, బి-25జెకి 108. ఇక్కడ చాలామంది పొరపడతారు: పాత మోడల్‌లో పనికొచ్చిన భాగాన్ని కొత్త మోడల్‌లోనూ వాడేవారు కాబట్టి బి-25జెలో కూడా అంతకు ముందు మోడల్ సంఖ్యలున్న ముక్కలు దొరుకుతాయి. దొరికిన వాటిలో అతి పెద్ద సంఖ్యే లెక్క. మస్కిటో భాగాలు 98తో, స్పిట్‌ఫైర్ తొలి భాగాలు 300తో మొదలవుతాయి. ఏఎన్ అక్షరాలున్న బోల్టులు, పైపు జోడింపులు అన్ని అమెరికన్ విమానాలకూ ఉమ్మడి, వాటిని చూసి ఏమీ తేల్చలేం. లోపలి వైపు రంగు మరో ఆధారం: పసుపు కలిసిన ఆకుపచ్చ అయితే అమెరికన్ జింక్ క్రోమేట్ పూత, బూడిద కలిసిన ఆకుపచ్చ అయితే బ్రిటిష్ అనుకోవడానికి కారణం ఉంది.

ముట్టుకోకూడనివి

తుపాకీ గుండ్లు, ముఖ్యంగా 20 మిల్లీమీటర్లవి, బాంబులు, సిగ్నల్ మంటల గొట్టాలు తుప్పు పట్టేకొద్దీ మరింత ప్రమాదకరమవుతాయి. తొక్కకండి, పక్కకు నెట్టకండి. స్థానం రాసుకుని, వచ్చిన అడుగులోనే వెనక్కి వెళ్లి, పోలీసులకు చెప్పండి. యుద్ధం తర్వాతి జెట్ విమానాల్లో పైలట్‌ను బయటికి విసిరే సీటు, కాక్‌పిట్ మూతను ఊడగొట్టే పేలుడు గుళికలు ఉంటాయి. సీటు విరిగిపోయి ఉన్నా గుళిక పేలిందని అనుకోకూడదు. ఆక్సిజన్ సిలిండర్లు, మంటలార్పే సీసాలు, హైడ్రాలిక్ నిల్వ గొట్టాల్లో ఇంకా ఒత్తిడి ఉండొచ్చు.

పాత మీటర్ల ముళ్ల మీద, అంకెల మీద చీకట్లో వెలిగే పూత రేడియం. వెలుగు ఎప్పుడో ఆగిపోయినా రేడియోధార్మికత అలాగే ఉంటుంది, ఎందుకంటే రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. పగిలిన డయల్‌ను గీకడం, దాని పొడి చేతికి అంటుకుని భోజనం చేయడం అసలు ప్రమాదం. ఈ మధ్యకాలపు విమానాలైతే కాలిన కార్బన్ ఫైబర్ పోగులు చర్మంలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అలాంటి చోట దుమ్ము లేపకండి. బోలుగా ఉన్న విమానపు గుల్లలో కందిరీగలు, పాములు ఇల్లు కట్టుకుంటాయి కాబట్టి తలదూర్చే ముందు బయటినుంచి కర్రతో తట్టండి.

ఫొటోలు, రాతలు

ముందు శిథిలం మధ్యలో నిలబడి నాలుగు దిక్కులకూ నాలుగు ఫొటోలు, కొండ గట్టు కనిపించేలా. తర్వాత వచ్చేవారు మీ ఫొటోతోనే చోటు నిర్ధారించుకుంటారు. ఆ తర్వాత ప్రతి పెద్ద భాగానికీ మూడు: దూరం నుంచి చుట్టుపక్కలతో, దగ్గర నుంచి స్కేలుతో, ముద్ర ఏదైనా ఉంటే దాన్ని మాత్రమే. ముద్ర చదవలేకపోతే గీకకండి, తుడవకండి. టార్చిని రేకుకు దాదాపు తాకించి పక్కనుంచి వెలుగు వేస్తే నీడల వల్ల అంకెలు తేలతాయి. మధ్యాహ్నపు ఎండలో ఒంటితో నీడ పట్టి ఈ పని చేయాలి.

నోటుబుక్కులో ప్రతి భాగానికీ స్థానం (దశాంశంలో ఐదు అంకెలు రాయండి, నాలుగో అంకె దగ్గరే 11 మీటర్ల తేడా వస్తుంది), ఎత్తు, ఎటు తిరిగి ఉంది, ఎంత పొడవు, దేన్ని పోలి ఉంది. తర్వాత ఇంట్లో కూర్చుని ఈ చుక్కలను మ్యాప్ మీద పెడితే కొండ మీద కనిపించని వరుస కాగితం మీద కనిపిస్తుంది.

ఫొటో బాగా రావాలని రెక్క ముక్కను తిప్పి పెట్టడం, చిన్న ముక్కలన్నీ ఒకచోట కుప్ప చేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. సదుద్దేశంతోనే చేస్తారు, కానీ అలా కుప్ప చేసిన చోట ఇక ఎవరూ ఏమీ చదవలేరు. గుర్తుగా ఒక్క బోల్టు తెచ్చుకున్నా అంతే. బ్లీక్లోలాంటి చోటికి వెళ్లేవాళ్లంతా ఒక్కో బోల్టు తెచ్చుకుంటే ఏమవుతుందో లెక్కేయండి. స్మారకం దగ్గర పూలు, శిలువలు, పేర్లు ఉంటే వాటిని ఉన్నవున్నట్టే వదిలేయండి.

ఎముకలో, సొంత వస్తువులో కనిపిస్తే

హిమానీ నదుల్లో, అడవుల్లో ఇది ఇప్పటికీ జరుగుతోంది. ఆల్ప్స్ పర్వతాల్లోని మోంట్ బ్లాంక్ మీద 1950 నవంబర్ 3న 48 మందితో, 1966 జనవరి 24న 117 మందితో రెండు ఎయిర్ ఇండియా విమానాలు కూలాయి. అక్కడి బోసోన్ హిమానీ నది ఆ శకలాలను నేటికీ కిందికి తెస్తోంది. 2013లో ఒక పర్వతారోహకుడికి అక్కడ రత్నాల పెట్టె దొరికితే పోలీసులకు అప్పగించాడు. వారసులెవరూ తేలకపోవడంతో 2021లో దాన్ని ఆయనకూ ఆ కొండ కింద ఉన్న ఫ్రెంచ్ పట్టణం షామొనీ పురపాలికకూ చెరిసగం పంచారు.

ఎముక, బూటు, గుర్తింపు బిళ్ల, ఉంగరం, పర్సు, ఏది కనిపించినా చేయాల్సింది ఒక్కటే: ముట్టుకోకుండా, స్కేలు పక్కన పెట్టకుండా దూరం నుంచి ఒక ఫొటో, స్థానం, ఆ రోజే స్థానిక పోలీసులకు సమాచారం. గల్లంతైన సైనికుల జాడ వెతికే సంస్థలు అమెరికాకు, బ్రిటన్‌కు ఉన్నాయి, పోలీసులే వారికి చెబుతారు. ఆ ఫొటోను ఎక్కడా పెట్టకండి. ఆ కుటుంబానికి కబురు ఆ విధంగా చేరకూడదు.

తిరిగొచ్చాక

మీ అక్షాంశ రేఖాంశాలు, నివేదికలోని స్థానం, ఈ రెండింటి మధ్య తేడా ఎంతో రాసి, తేడా ఎందుకొచ్చిందో కూడా రాయండి: మైలు వల్లా, ఉత్తరం వల్లా, డేటమ్ వల్లా? అదే కొండల్లో వెతికే తర్వాతి విమానానికి ఆ సవరణే పనికొస్తుంది, ఎందుకంటే ఒకే స్థావరం నుంచి వెళ్లిన వెతుకులాట బృందాలు అన్ని నివేదికల్లోనూ ఒకే పద్ధతిలో కొలిచి ఉండటానికి అవకాశం ఎక్కువ.

అందరికీ తెలిసిన, కాలిబాట ఉన్న శిథిలమైతే స్థానం పంచుకోవడంలో హాని లేదు. ఎవరూ ఎక్కువగా వెళ్లని చోటైతే, ముఖ్యంగా కాక్‌పిట్ భాగాలో డేటా ప్లేటో (తయారీ వివరాలు ముద్రించిన రేకు) మిగిలి ఉంటే, కచ్చితమైన స్థానం ఇంటర్నెట్‌లో పెట్టకండి. ఫొటో ఫైలులోనే జీపీఎస్ స్థానం దాగి ఉంటుంది, అప్‌లోడ్ చేసే ముందు దాన్ని తీసేయాలి. వెనకాల గట్టు స్పష్టంగా ఉన్న ఫొటోతో మీరు ఎలా చోటు కనిపెట్టారో, ఇంకొకరూ అలాగే కనిపెట్టగలరు. కాబట్టి బయట పెట్టే ఫొటోల్లో గట్టు లేనివి ఏరుకోండి. పూర్తి వివరాలు భూమి యజమానికి, ఆ ప్రాంత మ్యూజియానికి పంపండి.

అమెరికాలో కొన్ని శిథిలాల మీద పసుపు రంగులో పెద్ద ఎక్స్ గుర్తు కనిపిస్తుంది. గల్లంతైన వేరే విమానం కోసం ఆకాశం నుంచి వెతికేవారు దీన్ని చూసి పొరబడకుండా వేసినది అది. గుర్తు వెలిసిపోయి ఉంటే, లేదా ఏ జాబితాలోనూ లేని శిథిలం మీకు కనిపిస్తే, గాలింపు సమన్వయం చూసే కేంద్రానికి స్థానం, ఫొటో పంపండి.